కాత్యాయని అక్క వదలని మాట

సభకు నమస్కారం. ముసఫ్ఫా ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి, క్యాంపు గదికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని అబుదాబి సిటీ నుంచి వచ్చిన అమ్మలకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న సుబ్బరాజు బావగారికి ఏమని చెప్పాలో నాకు తోచడం లేదు. పోయిన బుధవారం మా కాత్యాయని అక్క పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ కుర్చీలోనే వెళ్ళిపోయింది. గుండెపోటు అన్నారు. ఈ మాట నా నోటితో చెప్పాల్సి వస్తుందని ఎప్పుడైనా అనుకున్నానా?

నా పేరు లావణ్య. అక్క చరిత్ర చెప్పిన బళ్ళోనే నేను లెక్కలు చెబుతాను. మెత్తగా మాట్లాడడం నాకు చేతకాదు. అక్క ఇన్నేళ్ళు సర్దుకుంది, మీరు ఒక్క సాయంత్రం సర్దుకోండి. ఏడవడానికి ఇంటికి వెళ్ళాక బోలెడు టైముంది. ఇప్పుడు మన ముందు ఒక పని ఉంది.

అక్క పుస్తకం రాసిన సంగతి మీకు తెలుసు. కరోనాలో బడి మూసేసి, అందరం ఇళ్ళల్లో లాప్‌టాప్‌ల ముందు కూర్చున్నప్పుడు మొదలుపెట్టింది. రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకుల సంగతి, రోమ్ సంగతి. అక్కడ కొందరు రహస్యంగా దీక్షలు తీసుకునేవారు. డప్పులు, పిల్లనగ్రోవులు మోగుతుంటే ఆడవాళ్ళు కొండెక్కి ఆడేవారు. ఆడి, ఆడి, ఒళ్ళు మరిచేవారు. డయోనిసస్ అనే దేవుడు మాలోకి వచ్చాడనేవారు. ఆ స్థితికి గ్రీకులో ఒక మాట ఉందట, లోపల దేవుడున్న మనిషి అని అర్థమట. దాన్ని తెలుగులో ఏమనాలి? మొదట అక్క 'ఉన్మాదం' అని రాసింది. అవును, అక్కే రాసింది.

మరి ఎందుకు మార్చింది? ఇదే హాల్లో మనం బోనాలు పెట్టుకున్నాం, గుర్తుందా? అంజి డప్పు కొడుతున్నాడు. మా బళ్ళో ఆయాగా చేసే కిష్టవ్వకు అమ్మవారు మీదికి వచ్చింది. కొప్పు ఊడిపోయింది, ఒళ్ళంతా వణుకు. మనం ఏం చేశాం? సగం మందిమి తలుపు వైపు పరిగెత్తాం, సగం మందిమి ఫోన్లు పైకెత్తాం. పాపం వాచ్‌మన్ నూర్ మొహమ్మద్ అంబులెన్స్ పిలవబోయాడు. అప్పుడు అక్క ఒక్క అరుపు అరిచింది. "ఫోన్లు లోపల పెట్టండి! సిగ్గు లేదూ మీకు?" అంది. కిష్టవ్వ తేరుకునేదాకా ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. మంచినీళ్ళు తాగించి, ఊడిన జుట్టు తన చేత్తోనే ముడి వేసింది.

తర్వాత టీ తాగుతూ అక్క ఆ గ్రీకు ఆడవాళ్ళ కథ చెప్పింది. కిష్టవ్వ అంతా విని, "గాళ్ళకు మీదికి అత్తే సాక ఎవలు పోసిండ్రు టీచరమ్మా? ఉత్తగనే ఇడిచిపెట్టిండ్రా?" అని అడిగింది. అక్క పకపకా నవ్వింది. వాళ్ళూ దేవుడి పేరు చెప్పి నేల మీద ద్రాక్షసారా పోసేవారు అంది. "గట్లయితే మనోళ్ళేనాయె!" అంది కిష్టవ్వ. ఆ వారమే అక్క 'ఉన్మాదం' కొట్టేసి, ప్రతిచోటా 'పూనకం' అని రాసుకుంది.

ముచ్చటపడి మార్చిందనుకునేరు! కాదు. రోమ్‌లో పాలకులు ఒకప్పుడు ఆ భక్తుల మీద విరుచుకుపడ్డారు. పిచ్చివాళ్ళన్నారు, కుట్రదారులన్నారు. ఎందరినో చంపించారు. వాళ్ళ గురించి మనకు మిగిలిన రాతల్లో చాలా మటుకు గిట్టనివాళ్ళు రాసినవే. "చంపినవాడు వాడిన మాట నేనెందుకు వాడాలే?" అని అక్క నన్ను గద్దించి అడిగింది. మీ దగ్గర జవాబు ఉందా?

అలాగని అక్క గుడ్డిగా నమ్మే మనిషి కాదు. మన తెలుగు సంఘంలో ఈ పూనకం గురించి ఆమె మాట్లాడినరోజు ఒక పెద్దమనిషి లేచి, చదువుకున్నవాళ్ళు మూఢనమ్మకాలను నెత్తికెత్తుకోవడమేమిటని దులిపేశారు. "మొన్న స్టేడియంలో సిక్సర్ పడితే చొక్కా విప్పి గిరగిరా తిప్పింది తమరే కదండీ?" అని అక్క అడిగింది. హాలంతా గొల్లుమంది. ఆయన ఇవాళ కూడా వచ్చారు, అదిగో, కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ తర్వాత అక్క చాలా నెమ్మదిగా, "దేవుడు వచ్చాడో లేదో నాకు తెలీదండీ. వచ్చాడని ఆ మనిషి చెప్పింది. నేను అది రాస్తాను" అంది.

ఇప్పుడు అసలు సంగతి. పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. హైదరాబాదు ప్రచురణకర్త నిన్న బావగారికి ఫోన్ చేశాడు. పూనకం ఊళ్ళలో వాడే మోటు మాటట! గ్రీకుల పక్కన పెడితే మర్యాదగా ఉండదట! 'ఉన్మాదం' అని మార్చడానికి ఒప్పుకుంటే సరే, లేకపోతే వెయ్యనన్నాడు. రేపు పొద్దున జవాబు చెప్పాలి. బావగారు నాతో, "మనిషే పోయింది లావణ్యా, ఇంక మాట కోసం ఏం పోట్లాడతాం, పుస్తకం అయినా రానీ" అన్నారు.

బావగారూ, మీ అలసట నాకు తెలుసు. ఆవిడ పేరున్న పుస్తకం చేతిలోకి తీసుకోవాలని మీకెంత ఆశగా ఉందో కూడా తెలుసు. కానీ అది అక్క పుస్తకం కావద్దూ? ఆ ఒక్క మాట తీసేస్తే కిష్టవ్వ మళ్ళీ పిచ్చిదవుతుంది. ఆ కొండెక్కిన ఆడవాళ్ళందరూ మళ్ళీ పిచ్చివాళ్ళవుతారు. ఆవిడ నోరు లేని సమయం చూసి ఆవిడ చేతే ఆ మాట అనిపిస్తామా? నేను ఒప్పుకోను. ఆయన వెయ్యకపోతే ఇంకొకరి దగ్గరికి వెళదాం. ఎవరూ వెయ్యకపోతే మనమే వేసుకుందాం. ఏడాది పడితే పడనివ్వండి.

ఇది నా ఒక్కదాని పంతమైతే ఇక్కడితో ఖలాస్, నేను వెళ్ళి కూర్చుంటాను. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ మాట ఉండాలనుకునేవాళ్ళు లేచి నిలబడండి. చప్పట్లు వద్దు, నినాదాలు వద్దు. అక్కను తలుచుకుంటూ రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే చాలు. తలలు మాత్రం వంచకండి, మీ మొహాలు కనబడాలి.

బావగారూ, మీరు లేవకండి. కూర్చునే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి.