ఎడమ పక్క గొంతు

(ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో రెండో ఆట రోజు మధ్యాహ్నం. కొత్త జట్టు సామాన్ల గదిలో, బంతుల సంచుల మధ్య ఇద్దరు: అందరూ గోడ అని పిలిచే ఆ జట్టు గోల్‌కీపర్, అవతలి జట్టు కుర్రాడు.)

"అరవొద్దు గోడన్నా, అంతే. అది అడగటానికే వచ్చాను."

"ముందు ఆ తలుపు వెయ్యి. అవతలి జట్టువాడివి ఆట రోజు మా గదిలో ఏం పని? తెలిస్తే మీ కోచ్ నిన్నూ, మా కోచ్ నన్నూ పీక్కు తింటారు."

"వేశాను. ఇప్పుడు చెప్పు, అరవనని."

"ఏమని అరిచానట?"

"తెలీనట్టు మాట్లాడకు గోడన్నా. పోయిన వారం, మొదటి ఆటలో. మా అన్నయ్య గొంతుతో."

"మెల్లగా తమ్ముడూ. పక్క గదిలో మావాళ్లు కాళ్లకి పట్టీలు వేయించుకుంటున్నారు."

"అందుకేనా నువ్వూ గుసగుసలు పోతున్నావు?"

"అందుకే అనుకో."

"గోల్ ముందు నిలబడితే మాత్రం గుసగుసల్లేవు! 'చిన్నోణ్ణి లోపలికి తోలండి! ఎడమ కాలి మీదికి తోలండి!' అని. మీ డిఫెండర్లు నలుగురూ ఒకే తాడు పట్టుకుని లాగినట్టు జరిగారు. నాకు దారే లేదు. ఆటంతా అదే గోల. చివరికి సున్నాకి సున్నా."

"నీ ఎడమ కాలు చచ్చుదని వీడియోలు చూసినవాడెవడైనా చెప్తాడు."

"వీడియోల్లో నా పేరు చిన్నోడని రాసుంటుందా? మా జట్టులో కూడా నన్నలా ఎవరూ పిలవరు. అది ఇంట్లో పేరు."

"ఇక్కడా అదే నీ పేరు. మీ అన్న మాకు వేరే పేరు చెప్తేగా! బస్సెక్కితే చిన్నోడు, తిండి దగ్గర చిన్నోడు. చిన్నోడు చెప్పులు లేకుండా ఆడేవాడు, చిన్నోడు ఓడిపోతే మంచం కింద దూరేవాడు. చెవులు చిల్లులు పడేవి మాకు."

"మంచం సంగతి కూడా చెప్పాడా?"

"చెప్పనిదేముంది? వాడి నోరు ఊరుకుంటేగా."

"మరి అంత నోరున్నవాణ్ణి ఏం చూసి తీసుకున్నారన్నా? మోకాలు అరిగిపోయింది. వయసైపోయింది. కొత్త జట్టు కట్టుకునేవాళ్లు ఎవరైనా కుర్రాళ్లని ఏరుకుంటారు."

"ఏరుకోడానికి కుర్రాళ్లని మిగిలిస్తేగా మీ పాత జట్లు! పనికొచ్చేవాళ్లందరినీ దాచేసుకుని, వద్దనుకున్నవాళ్లని తెచ్చి బల్ల మీద పెట్టారు. జట్టుకి ఒకణ్ణి తీసుకోండి, పండగ చేసుకోండి అన్నారు. బల్ల మీద మిగిలిన సరుకేరా మేమంతా."

"అందులోంచైనా కాస్త పరిగెత్తేవాణ్ణి చూసుకోవచ్చుగా."

"మా ముసలి కోచ్ చూడలేదు, విన్నాడు."

"వినటమేంటి?"

"నిజం. మీ జట్టు ఆటకొచ్చి గోల్ వెనకాల కూర్చున్నాడట, కళ్లు మూసుకుని. పక్కవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారట. ముక్కూ మొహం తెలీని పదకొండు మందిని తెచ్చి ఒక చోట ఆడించాలంటే కాళ్లు చాలవు, నోరు కావాలన్నాడు. ఎవడు ఎక్కడున్నాడో, ఎవడు వెనకబడ్డాడో, క్షణానికోసారి ఎవరో ఒకరు చెప్తూ ఉండాలి. మీ అన్న గొంతు విని, ఇతన్ని వదిలేశారా వెర్రివాళ్లు, అని లేచి వెళ్లిపోయాడట. ఆట సగంలోనే."

"అందరూ నవ్వారన్నా మా దగ్గర. మోకాలు లేనివాణ్ణి కొనుక్కున్నారని."

"నవ్వనీ. మొదటి నెల మేమూ నవ్వుల పాలయ్యాం. తర్వాత మీ అన్న, మా పెద్దోడు, ఎడమ పక్క నిలబడి అరుస్తుంటే, వాడి మాట మీద నడవటం అలవాటైంది మాకు. తల తిప్పి చూసుకునే పనే లేదు. అలా గెలుచుకుంటూ వచ్చాం."

"ఒక ఇంట్లో ఇద్దరం, ఒకే జట్టులో ఆడాం. నన్ను దాచుకున్నారు, వాణ్ణి బల్ల మీద పెట్టారు. నాకెలా ఉంటుందో చెప్పు."

"వాడేమీ అనుకోలేదు."

"అనుకోకపోవటమేంటి, పండగ చేసుకున్నాడు! ఆ రాత్రే ఫోన్ చేశాడు. 'ఒరేయ్ చిన్నోడా, ప్లేఆఫ్‌లో ఎదురుపడదాం రా. నిన్ను ఒక్క అడుగు కదలనిస్తే నా పేరు మార్చుకుంటాను' అని ఒకటే నవ్వు. ప్లేఆఫ్ కాదు కదా, సగం సీజనైనా చూడలేదు. ప్రాక్టీసులో ఉత్తినే, బంతి కూడా తగలకుండా..."

"నా ముందే పడిపోయాడు."

"తెలుసు."

"ఏదో చెప్తూ పడిపోయాడు. మాట సగంలో ఉంది."

"ఏం చెప్తున్నాడు?"

"వద్దులే. ఆటకి సంబంధించిందే. నన్ను ముందుకి రమ్మంటున్నాడు."

"...ఆ వేన్నీళ్లేంటి, ఒకటే తాగుతున్నావు?"

"చలిగా ఉంది."

"ఉక్కపోస్తోంటే చలేంటి?"

"నాకు చలిగా ఉందిరా, వదిలెయ్. అడగాల్సింది అడిగావుగా."

"అడిగాను, నువ్వు ఒప్పుకోలేదు. పైగా ఆ రోజు చప్పట్లొకటి. గ్లవ్స్ వేసుకుని టపా టపా కొడుతూనే ఉన్నావు. నేను బంతి పోగొట్టుకుంటే చప్పట్లు కొడతావా? ఎగతాళికి కూడా ఒక హద్దుంటుంది."

"అది ఎగతాళి కాదు."

"మరేంటి?"

"...అలవాటు."

"ఇంకొకటి అడగనా? నువ్వెంత గొంతు మార్చినా, అరుపు గోల్ దగ్గర్నుంచి వచ్చినట్టు లేదు. ఎడమ పక్క గీత దగ్గర్నుంచి, నా చెవిలోనే అరిచినట్టు ఉంది."

"అంత జనంలో గొంతు ఎటెటో తిరుగుతుంది. మెట్లకి కొట్టుకుని వెనక్కొస్తుంది."

"నేనూ అదే అనుకున్నాను. మీ ఎడమ పక్క ఇప్పుడు ఆడేవాడు నోరు విప్పడు కదా. వాడి వైపు చూశాను. వాడు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు."

"నావైపు చూసుంటాడు."

"అయ్యుండొచ్చు. సరే, ఒకటి మాత్రం చెప్పు. రెండో సగంలో మీ లావాటి డిఫెండర్ నా మోకాలి మీదికి జారుకుంటూ వచ్చాడు చూడు. అప్పుడెందుకు అరిచావు? 'చిన్నోడా, ఎగురు!' అన్నావు. ఎగిరాను. ఎగరకపోతే ఈ పాటికి కర్రలు పట్టుకుని నడుస్తుండేవాణ్ణి. ఇంటి వెనక ఆడుకునేటప్పుడు వాడూ అంతే. నన్ను ఓడించటానికి నానా గడ్డీ కరిచేవాడు, దెబ్బ తగుల్తుందంటే మాత్రం ఆట ఆపేసేవాడు. నువ్వు మా అవతలి జట్టుకి గోల్‌కీపర్‌వి. నన్నెందుకు కాపాడావు?"

"ఎవరి కాలైనా కాలేగా."

"కింద పడి లేచి, నీవైపు చూడలేదన్నా నేను. ఎడమ పక్కకి చూశాను. పిచ్చివాడిలా. గీత దగ్గర వాడు ఉంటాడని చూశాను. లేడు. అంతే, తర్వాత ఇంక ఆడలేకపోయాను. బంతొస్తే వదిలేశాను. మా కోచ్ చెప్పేశాడు, ఈ రోజు కూడా అలాగే దిక్కులు చూస్తే సగంలో బయటికి లాగేస్తానని. ఫైనల్ ఆశ కూడా వదిలెయ్యమన్నాడు."

"అంత దూరం వచ్చిందా?"

"వచ్చింది. నాకు భయం కాదన్నా. భయమైతే ఓర్చుకోవచ్చు. ఆ గొంతు వింటుంటే వాడున్నాడనిపిస్తుంది. ఆట అయ్యాక మళ్లీ లేడు. బస్సులో కూర్చుంటే మళ్లీ కొత్తగా పోయినట్టుంది. మళ్లీ మళ్లీ పోతే నేను తట్టుకోలేను. ఆపెయ్యన్నా, నీకు పుణ్యముంటుంది."

"...ఆపేస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు. ఈ రోజు మైదానంలో ఆ గొంతు వినపడదు. హాయిగా ఆడుకో."

"అంటే నువ్వేనన్నమాట."

"నేనే. ఇంకెవరుంటారు?"

"అమ్మయ్య! నిన్ను కొట్టాలనుంది గోడన్నా, నిజంగా. ఏడుపొస్తోంది, కొట్టాలనీ ఉంది."

"ఆటలో కొట్టు. గోల్ కొట్టు, ఆపుతానో లేదో చూద్దాం."

"సరే, వెళ్తాను. ...అన్నా."

"ఇంకేంటి?"

"ఒక్కసారి పిలవవా?"

"ఏంటి?"

"ఆ గొంతుతో. ఇక్కడెవరూ లేరుగా. ఒక్కసారి 'చిన్నోడా' అను, విని వెళ్లిపోతాను. ఇంకెప్పుడూ అడగను."

"వద్దు తమ్ముడూ."

"ఒక్కసారే."

"రాదురా ఇప్పుడు."

"మైదానంలో వచ్చింది, ఇక్కడ రాదా?"

"రాదు. రావట్లేదు. నా బంగారుకొండవి కదూ, వెళ్లు. బట్టలు మార్చుకునే వేళవుతోంది. వెనక మెట్ల మీంచి పో, ఎవరి కంటా పడకుండా."

"...సరే. ఆపుతానన్నావు, గుర్తుంచుకో."

"గుర్తుంటుంది. తలుపు దగ్గరికి వెయ్యి."

"...ఎవరయ్యా అది, ఇటు నుంచి వెళ్లింది?"

"అబ్బ, నువ్వా అక్కా! ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండానే గోడ మాట్లాడిందా? పట్టీలు వేస్తున్నదాన్ని, గుసగుసలు వినపడి వచ్చాను. ఈ జట్టుకి ఫిజియోనో, నీ నోటికి కాపలాదాన్నో నాకే అర్థం కావట్లేదు. పలక ఏదీ? ఏం కావాలన్నా రాసి చూపించమని ఇచ్చానుగా!"

"రాసే పని కాదక్కా ఇది."

"మళ్లీ గుసగుస! అరుపుకంటే అదే చెడ్డదని డాక్టరు నీ ముందేగా చెప్పాడు? గొంతులో పెరిగిన కండ తీయించుకుని నెల తిరగలేదు. మొదటి ఆటంతా నోరు విప్పకుండా చప్పట్లతోనే నెట్టుకొచ్చావని అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాను. తీరా ఈ రోజు పాడు చేసుకుంటావా?"

"ఆ రోజు నేను ఒక్క మాటా అనలేదు కదూ?"

"ఎక్కడ? బెంచీ మీంచి నీ నోరే చూస్తూ కూర్చున్నాను. పెదవి కదిపినా లాక్కొచ్చేసేదాన్ని."

"మరి మనవాళ్లు నలుగురూ ఒక్కసారే ఎలా జరిగారు?"

"నీ చప్పట్లు విని."

"చప్పట్లు విని ఎడమ కాలి మీదికి తోలతారా అక్కా?"

"...ఏమైంది నీకు? ఎవరొచ్చారు?"

"పెద్దోడి తమ్ముడు. పెద్దోడి గొంతుతో అరుస్తున్నది నేనేననుకుంటున్నాడు. ఆపమని బతిమాలాడు."

"కాదని చెప్పకపోయావా?"

"చెప్తే వాడు ఈ పూట ఆడతాడా? నేనేననుకుంటే నా మీద కోపంతోనైనా ఆడతాడు."

"పాపం, వాడికి లేనిది వినపడింది. అన్న పోయిన దిగులది."

"నేనూ విన్నానక్కా. నాకొక్కడికే అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఎడమ పక్క నుంచి, ఆటంతా. నన్ను కూడా పిలిచాడు. వాడు పడిపోయిన రోజు సగంలో ఆగిన మాట ఉంది చూడు, అది పూర్తి చేశాడు."

"ఊరుకో. ఊరుకో, నీళ్లు తాగు. బయట జనం వచ్చేస్తున్నారు."

"ఆపేస్తానని చిన్నోడికి ఒట్టు పెట్టేశాను. ఇప్పుడు అరవొద్దని పెద్దోడికి ఎవరు చెప్తారక్కా?"