మూడు వారాల మాతృభాష

"వెనకటికి, వరదలు ఇంకా తారీఖులు చూసుకోని రోజుల్లో, ఒక కోడి బాతుగుడ్లు పొదిగిందట." ఇదిగో, ఇంతవరకే వచ్చింది మీ మనవరాలికి. రెండు వారాలైంది, అత్తయ్యా! ఈ ఒక్క ముక్క కూడా కొరియా అక్షరాల్లో అరచేతి మీద రాసుకుని చదువుతోంది.

ఏం, అలా చూస్తారేం? మిరపకాయల తొడిమలు తీస్తూనే వినండి. నేనూ తీస్తూనే మాట్లాడతాను.

శనివారం పోటీ. తల్లి భాషలో కథ చెప్పిన పిల్లకి బహుమతి అని బడి నుంచి ఉత్తరం రాగానే, మీరు ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగారు. "మా హారిన్‌కి రెండు భాషలు! మా కోడలిది వియత్నాం కదా, గురువు ఇంట్లోనే ఉంది!" అబ్బ! ఆ మాట మీ నోట విని, వెల్లుల్లి చేను గట్టున కూర్చుని కక్కుకున్నాను.

ఎందుకంటారా? తొమ్మిదేళ్ళ కిందట, బాలింతకని సముద్రపు నాచు చారు గిన్నె నా చేతికిస్తూ మీరేమన్నారు? "నీ భాష బిడ్డ చెవిన పడనీయకు. నాలుక మొద్దుబారుతుంది. రేపు బళ్ళో నవ్వుతారు." నాకప్పుడు మీ భాష ఎంత వచ్చు? అన్నం, నీళ్ళు, సరే, తప్పైంది. ఈ నాలుగు మాటలతో బిడ్డనెలా పెంచాలి, మీరే చెప్పండి!

జోల పాడలేదు. ముద్దు మాట ఆడలేదు. ఒళ్ళో వేసుకుని, పెదవులు బిగించుకుని, టీవీ పెట్టేదాన్ని. వాతావరణం చెప్పే అమ్మాయి నేర్పింది మీ మనవరాలికి మాటలు. దాని నోట తొలిగా వచ్చిన మాట "వాన". మీరు మురిసిపోయారు కూడా.

మూడేళ్ళకీ గలగలా మాట్లాడకపోతే, పక్కింటి పెద్దావిడ ముందే, "తల్లి రక్తమే మందం" అన్నారు. ఛీ! గుర్తులేదా? పోనీలెండి, గుర్తుండదు.

ఇప్పుడేమో మా ఊరి పొడుగు అంగీ వేసుకుని, వేదిక పక్కన నవ్వుతూ నిలబడాలట నేను. వద్దని పారేసినదాన్ని కడిగి, తుడిచి, అద్దాల బీరువాలో పెడతారా?

ఇవాళ పొద్దున జడ వేస్తుంటే అది అడిగింది: "అమ్మా, గెలిచాక ఈ భాష మళ్ళీ మానేయాలా?"

అల్లిన జడ విప్పి మళ్ళీ మొదటి నుంచి వేశాను.

మిమ్మల్ని అసహ్యించుకోవడం తేలిక, అత్తయ్యా. తొమ్మిదేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. కానీ ఒకటుంది, వినండి. దానికి నాలుగేళ్ళప్పుడు, పెద్దలకు పెట్టుకునే పండగ రోజు, ఇంటినిండా మీ వాళ్ళు. నేను మా ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎప్పుడు విని పట్టుకుందో, అందరి మధ్య నుంచి పరుగెత్తుకొచ్చి, నా భాషలో పిలిచింది. "మె ఓయ్!" అని. అమ్మా, అని. గొంతు నిండా.

మీరు వంటింట్లో ఉన్నారు, వినలేదు. ఉన్నవాళ్ళూ ఏమీ అనలేదు. నేనే... దాని తొడ మీద గిల్లాను. గోళ్ళు దిగేలా గిల్లాను. నవ్వుతూనే గిల్లాను, అతిథులున్నారు కదా. మళ్ళీ ఇప్పటిదాకా అది నన్నలా పిలవలేదు. దాని నోరు నొక్కింది నేను. మీరు చెప్పకుండానే!

శనివారం తీసుకెళ్తాను. ఓడిపోతుంది, ఓడిపోనివ్వండి. ఆదివారం కూడా నా భాషలోనే మాట్లాడతాను. అది బదులు చెబితే చెబుతుంది, లేకుంటే నా ఖర్మ.

కథ ముగిశాక, అది ఎవరి నోట విన్నామో చెప్పడం మా ఇంటి పద్ధతి. "ఎవరి పేరు చెప్పాలి?" అంది మీ మనవరాలు, తొమ్మిదేళ్ళు నిండాక! చెప్పాను. మీరూ ఏనాడూ అడగలేదు కనక మీకూ చెబుతున్నాను: ఈ కోడి కథ నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మ, మెకాంగ్ ఒడ్డున బాతులు కాచిన మన్.