పిల్లుల్ని తోలే ఖర్చు ఎనిమిది వందలు

హలో… ఆ, నేనే. ఎండుచేపల కొట్టు గంగులునే, నగరేశ్వర్రావు బాబూ. ఓనరు ఫోను ఎత్తకుండా ఉంటానా…

ఆ, మీరు పంపిన ఖర్చుల లిస్టు జెరాక్సు అందినాది. మెయింటెనెన్సు ఏడొందల నుంచి రెండువేల నూటయాభైకి ఎక్కించారు… లేదు, ఇంకా కట్టలేదు…

ఏటి, సాయంత్రంలోగా కట్టకపోతే రేపు నా షట్టరుకి తాళమా…

వెయ్యండి, బిల్డింగు మీది. లోపల ఆరు బస్తాల ఎండు నెత్తళ్ల చేపలు ఉన్నాయి. బయట ముసురు. నేను రోజూ గాలికి తీసి, దులిపి సర్దుతన్నాను కాబట్టి మర్యాదగా పడున్నాయి. తాళమేస్తే మూడోనాటికి మీ మూడో అంతస్తుకి అవే వచ్చి మాట్లాడతాయి…

బెదిరింపు కాదు బాబూ. సరుకు గుణం సెప్తన్నాను…

సరే, లెక్కే మాట్లాడుకుందాం. మెట్లు తుడిచినందుకు మూడొందలు, నీళ్ల మోటారు కరెంటుకి నాలుగొందలు. ఈ ఏడొందలూ న్యాయం. ఇస్తాను. అగరొత్తులకి రెండొందలు ఎందుకు…

నా కొట్టు వాసనకా… అడ్వాన్సు ఇచ్చిన నాడు నా నోట్లు కూడా అదే వాసన. మీరు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

…

ఇది వినండి. ఎలకల మందుకి నాలుగొందల యాభై. దాని కిందే, పిల్లుల్ని తోలే మనిషికి ఎనిమిది వందలు. పిల్లులుంటే ఎలకలెందుకున్నాయి. ఎలకలుంటే పిల్లుల్ని ఎందుకు తోలుతన్నారు. ఏదో ఒకటి తేల్చండి…

ఆ తోలే మనిషి మీ బామ్మర్ది చినబాబే కదా… తోలడం లేదు బాబూ, ఒక్కోదాన్నీ పేరెట్టి పిలుస్తన్నాడు. రోజూ పది రూపాయల నెత్తళ్లు నా దగ్గరే కొని మెట్ల మీద పెడతన్నాడు. అంత దూరం కోట దగ్గర పిల్లులు కూడా మన మెట్ల దారి పట్టాయి…

పక్కనే ఉన్నాడా, అడగండి… ఊఁ… ఏటంటన్నాడు…

ఆకలి మీదున్న జీవాన్ని తోలితే పాపమా. మంచి మనసే. మరి ఆ మనసుకి నేనెందుకు కట్టాలి…

అగ్రిమెంటు తియ్యండి. మీ ప్లీడరు రాసిందే. ఐదో పేరా సూడండి. నిజంగా అయిన ఖర్చుకి బిల్లు సూపించి, చదరపు అడుగుల లెక్కన అన్ని కొట్లకీ పంచాలి. పిల్లుల్ని తోలినట్టు బిల్లు సూపించండి, కడతాను…

లేదా… పోనీ ఎలకల మందుకి… అదీ లేదా…

కోర్టు ఎందుకు బాబూ. అక్కడ మీ బామ్మర్ది ఒక్కో పిల్లి పేరూ సెప్పి సాక్ష్యం ఇవ్వాలి…

…

ఊఁ… ఊఁ… అయితే ఏడొందలే. తాళం మాట లేదు. సంతోషం. కానీ ఆ లిస్టు అసలు కాయితం మీ దగ్గరే ఉన్నాది. వచ్చే నెల మళ్లీ నా ముందుకొస్తాది. చింపెయ్యండి… ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను, వింటాను.

… ఆ, వినపడినాది.

కానీ బాబూ, అది న్యూసుపేపరు…

పాతికేళ్లుగా న్యూసుపేపరు చింపి చేపలు పొట్లం కడతన్నాను. నిలువునా చింపితే ఒక సప్పుడు, అడ్డంగా చింపితే ఇంకోటి. మీరు అడ్డంగా చింపారు. లిస్టు రాసింది మీ దళసరి లెటర్‌ప్యాడు కాయితం మీద కదా, జెరాక్సులో మీ పేరు అచ్చు కూడా పడినాది. దాని సప్పుడే వేరు…

తొందర లేదు. కళ్లజోడు పెట్టుకునే వెతకండి…

ఆ… ఇదీ దాని సప్పుడు. మళ్లీ మడిచి ఇంకోసారి, రెండు ముక్కలైతే అతికించొచ్చు… ఆ, నాలుగైనాయి.

ఏడొందలు పట్టుకుని పైకి వస్తన్నాను. రసీదు ఆ దళసరి లెటర్‌ప్యాడు మీదే రాసి ఉంచండి… హలో… బాబూ, పెట్టేశారా… హలో…