మెడ కింది నుంచి అరికాలి దాకా

హలో… ఆ, నేనే బావా. పెట్టెయ్యకు…

బిజీ ఏంటి? రిటైరై ఆరేళ్ళయిన పోస్టుమాన్‌కి పొద్దున పదింటికి బిజీ ఏంటి చెప్పు?…

ఆ, డాక్టరమ్మ దగ్గర్నుంచే వస్తున్నా…

అదే. గజ్జే. మూడోసారి…

గొంతు తగ్గిస్తావేం? నా గజ్జికి నువ్వెందుకు గుసగుసలాడటం?… కోడలు హాల్లో ఉందా? ఉండనీ…

లేదు, ఎలర్జీ అనను. ముప్పై ఏళ్ళు కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ణి. ఎనిమిది కాళ్ళ పురుగు. ఆడది చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దాని బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. ఇప్పుడది నా మీద గీస్తోంది…

నవ్వు, నవ్వు. మరి నీ వేళ్ళ సందుల్లో ఉన్నదేమిటో?…

వేడా?…

బావా, వేడి చేస్తే రాత్రిపూట లేచి, వేళ్ళ సందులూ చంకలూ నడుమూ వెతుక్కుని మరీ దురద పెడుతుందా? ఇంకా చెప్పకూడని చోట్లు కూడా—

సరే, చెప్పను…

ఎవరు ఎవరికి అంటించారన్నది తర్వాత తేల్చుకుందాం. మా ఇంటికి రంగులు వేయించినప్పుడు పది రోజులు మీ ఇంట్లో ఒకే మంచం, ఒకే రగ్గు. ఒంటికి ఒళ్ళు ఆనితే చాలు దానికి. ఎగరదు, గెంతదు. తీరిగ్గా నడుచుకుంటూ వెళ్తుంది. నలభై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచావు కదా, ఇది కూడా…

సరే సరే, నేనే పంచాను. ఇప్పుడైనా విను—

రోజూ స్నానం చేసేవాళ్ళకి రాదా? ఎవరన్నారు?… డాక్టరమ్మకే ఒకసారి వచ్చిందట. ఆవిడకన్నా శుభ్రమా నువ్వు?…

మా అమ్మాయి ఆదివారం పాపను తీసుకొస్తానంటోంది బావా. మూడు నెలలు నిండాయి, నేనింకా ఎత్తుకోలేదు. మొదటిసారి ఇది పట్టుకుంది, రావద్దన్నా. తగ్గిందనుకుని రమ్మంటే మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వద్దన్నా. ఫోన్లో బోసినవ్వు చూసుకుంటూ కూర్చుంటున్నా. ఇలాగే వద్దు వద్దంటూ పోతే ఆ పిల్ల తన కాళ్ళ మీద తనే నడిచి వస్తుంది మా ఇంటికి…

అందుకే చేశాను ఫోను. ఇవాళ గురువారం. ఈ సాయంత్రం రెండిళ్ళలోనూ అందరూ ఒకేసారి మందు రాసుకుని, రేపు పొద్దున స్నానం చేస్తే, ఆదివారం నిశ్చింతగా ఎత్తుకోవచ్చంది డాక్టరమ్మ. వారం తర్వాత ఇంకోసారి రాసుకోవాలి. ఒక్కళ్ళు తప్పినా వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ మొదలు…

దురద లేనివాళ్ళు కూడా. ఒంట్లో చేరి నెల దాకా దురదే తెలియకపోవచ్చట…

నువ్వు రాసుకున్నావా? నేనిచ్చిన ట్యూబేనా?… ఎక్కడెక్కడ?… దురద ఉన్న చోట మాత్రమేనా? చిటికెన వేలితోనా?… ఎంతసేపు ఉంచుకున్నావు?… జిగటగా ఉందని గంటలో కడిగేసుకున్నావా!…

బావా, అది సెంటు కాదు. మెడ కింది నుంచి అరికాలి దాకా పూయాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు… ఆ, అక్కడ కూడా… అక్కడ కూడా బావా! దానికి లేని సిగ్గు నీకెందుకు?… రాత్రంతా ఉండాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకి మళ్ళీ రాసుకోవాలి…

ఈ మూడు నాలుగు రోజులూ వేసుకున్న బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతకాలి. రగ్గుని సంచిలో పెట్టి, మూతి కట్టి, వారం పక్కన పడెయ్యి. మనిషి ఒళ్ళు దొరక్కపోతే రెండు మూడు రోజులకి అదే చస్తుంది…

ఓహో… ఇంట్లో చెప్పలేదా?… ఎవరికీ?…

కోడలికి ఏమని చెప్పడమా? మావగారికి గజ్జి అని… అయితే నా పేరు చెప్పు. ఆ కాలేజీ ముసలాయన తెచ్చిపెట్టాడను… నోరు రావట్లేదా? ఫోను కోడలికివ్వు, నేనే చెప్తా… ఇవ్వు బావా. పాప కోసం అడుగుతున్నా…

ఆ, అమ్మాయీ… బాగున్నానమ్మా. అంటే, అంత బాగాలేను. మీ మావగారికీ నాకూ ఒంటి మీద—

తెలుసా? ఎలా?…

నీకూనా!… మూడు వారాల నుంచా?… పౌడరు అద్దుకుంటూ గడుపుతున్నావా, అయ్యో. మరి మీ ఆయనకి?… ఆఫీసు కుర్చీ పడలేదంటున్నాడా!…

అయితే ఒకే ఇంట్లో ముగ్గురు, మూడు గదుల్లో, తలుపులు వేసుకుని ఎవరి దురద వాళ్ళు గోక్కుంటున్నారన్నమాట. ఎంత మర్యాదగల కుటుంబమమ్మా…

ఏడవకు. ఇది రోగమే కానీ నేరం కాదు. ముగ్గురూ ఇప్పుడే వెళ్ళి డాక్టరమ్మకి చూపించండి, ట్యూబులు రాసిస్తుంది… పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందట. కంగారుపడి రోజూ పూసుకోకూడదు…

నాకెందుకు తిరిగొచ్చిందంటావా? మీ మావగారి పుణ్యమే. ఆయన చిటికెన వేలితో…

వీపుకా?…

వీపుకి… నేనే రాసుకున్నా. ఇంట్లో ఇంకెవరున్నారు?… చెయ్యి వెళ్ళదు, నిజమే. చెక్క స్కేలుకి గుడ్డ చుట్టి… చాలావరకు అందిందమ్మా…

అంటే, మధ్యలో ఓ జానెడు…

రెండుసార్లూ, ఆ…

అవునమ్మా. జువాలజీయే చెప్పాను…

నవ్వితే నవ్వావు కానీ మీ మావగారికి మాత్రం— ఏంటీ, స్పీకర్లో ఉందా?…

బావా… ఆ… ఆ… అయిందా? ఇంకా ఉందా?… సరే, తిట్టు. తిట్టించుకునే పనే చేశాను…

నువ్వా? నా వీపుకా?… వద్దులే బావా. అలాంటివి మీ చెల్లెలు చూసుకునేది…

ఆ. పోయి మూడేళ్ళు…

సరే, నువ్వే రాద్దువుగాని…

ఆరింటికా? వస్తాను… రాత్రికి అక్కడేనా? అయితే నాకు వేరే పక్క వెయ్యండి. నీతో ఒకే మంచం ఇక ఈ జన్మకి వద్దు…

ముందు గోళ్ళు కత్తిరించుకో. గట్టిగా రుద్దకు, మెల్లగా పూస్తే చాలు… తర్వాత నీ వీపు ఇటు తిప్పు. ఉత్తరాల సంచి మోసిన వీపు, విస్తీర్ణం ఎక్కువ, ఒక్క ట్యూబు ఏం సరిపోతుంది…

మా అమ్మాయికి ఇప్పుడే చెప్తా, ఆదివారం రమ్మని… నువ్వూ ఎత్తుకుందువుగాని, ఎవరొద్దన్నారు. కానీ నా తర్వాత… నా తర్వాతే బావా!…

ఇంక పెట్టేస్తున్నా, మళ్ళీ దురద మొదలైంది. నాకు రెండు చేతులూ కావాలి.