ఎదురు దుకాణం నుంచి సూసే బొమ్మ

సారంగపాణి సంగతా? అరె, గా మనిషిని యాదిజేసినవ్, నీ నోట్ల చక్కెర పొయ్య! కూసో బిడ్డా, చాయ్ తాగుకుంట చెప్త. కాశిబుగ్గల బట్ట నేసెటోళ్ల పిలగాడు ఆయన. జర్మనోని లడాయి నడుస్తాంది అప్పుడు. కాజీపేటల ఇంజిన్ నడిపే దొర ఒకాయన బదిలై పోతా పోతా పాత ఇంగ్లీషు పుస్తకాలు పారేసిండట. దాంట్ల దొరికింది ఒక రంగుల బొమ్మ. ఫ్రాన్స్ దేశంల ఎవరో ఏసిందట, ఎండల టోపీ పెట్టుకోని కూసున్న దొరసాని. దగ్గర సూస్తె మొకం మీదంత పచ్చ మరకలు, నీలం మరకలు. జర ఎనుకకు పోతె నవ్వుతాంటది! పిలగానికి పిచ్చి పట్టింది. వాళ్లయ్య తిట్టుడు, "మగ్గం ఇడిసి గా తెల్లదాన్ని సూసుకుంట కూసుంటవారా?" అని. ఈయన ఏమన్నడు ఎరికేనా? "అయ్యా, నిలువు దారం ఎర్రది, అడ్డం దారం నీలంది ఏసి నేస్తె దూరం నుంచి నేరేడుపండు రంగు గొట్టదా? గా బొమ్మ ఏసినోడు గూడ గదే చేసిండే!" ఇగ తనే దొడ్డు బట్ట నేసి, కట్టె చట్రానికి గుంజి కొట్టి, అవిసె నూనెల రంగులు నూరి, గా దొరసానినే ఏసుడు, తుడుసుడు, మళ్ల ఏసుడు. మొదట ఏసింది కూరగాయలమ్మే సమ్మమ్మకు టోపీ పెట్టినట్టే ఉండె! అందరు నవ్విరి. ఆయన గూడ నవ్వుడే.

మా బాపు సాంబయ్యది హన్మకొండ బజార్ల కిరాణం దుకాణం. ఎదురుంగ మా చిన్నబాపు సత్యనారాయణ దుకాణం. సొంత అన్నదమ్ములు. వాటాలు పంచుకున్నకాడ మాటలు బందైనయ్. ఎదురెదురు కూసునుడు, మొకాలు పక్కకు తిప్పుకునుడు. మా నాయినమ్మకు గదొక్కటే రంది. సచ్చేలోపల ఇద్దరు కొడుకులు ఒక్క అరుగు మీద కూసుంటె సూడాలె అనేది. ఒకనాడు సారంగపాణిని పిలిసి, "నా బొమ్మ ఎయ్యిరా" అన్నది. ఇంట్ల లొల్లి! బొమ్మంటె పోయినోళ్లకు గదా, దండేసి పెడ్తరు. "బతికుండంగ బొమ్మేందే అవ్వా?" అని కన్నతల్లిని మా బాపు. "సచ్చినంక ఏస్తె నేనెట్ల సూసుకుంటరా పిచ్చోడా!" అని ఆమె.

వాకిట్ల ఎండల కూసోబెట్టిండు. ఆమె ఊకుంటదా? ఆకు నములుడు, కోడండ్ల మీద ఒర్లుడు. "అవ్వా, జర మూతి ఆపవే" అని ఈయన బతిమాలుడు. ఎట్లనో అయింది. తెచ్చి మా దుకాణంల గోడకు తగిలిచ్చిండు. బాపు దగ్గరికి పోయి సూసి లబలబలాడిండు. "ఏందిరా గిది? మా అవ్వకు పాము కరిసిందా, మొకమంత నీలం పెట్టినవ్? పీకెయ్!" పాపం సారంగపాణి మొకం తెల్లవోయింది. మనిషిని ఎదురుంగ పెట్టుకోని ఏసిన మొదటి బొమ్మ, గిది పోతె మళ్ల మగ్గమే. "సేటూ, మీ దుకాణం ఇరుకు. ఎదురుంగ పోయి సూడాలె." "ఆని దుకాణంల నా కాలు పెట్ట!" అని బాపు. అప్పటికే ఎదురు దుకాణంల చిన్నబాపు తక్కెడ చేతుల పట్టుకోని లేసి నిలవడ్డడు. బొమ్మనే సూస్తాండు, కండ్లల్ల నీళ్లు. "అన్నా," అన్నడు, ఎన్నేండ్లకో. "అవ్వ నవ్వుతాందే. ఇటు రాయే."

బాపు బజారు దాటిండు. అరుగెక్కి తిరిగి సూసిండు. నీలం లేదు, పచ్చ లేదు, ఎండకు కండ్లు చిట్లించుకోని మా నాయినమ్మ, దవడల ఆకుతోని సహా! సారంగపాణిని ఎత్తుకోని గిరగిర తిప్పినంత పని జేసిండు. గా బొమ్మతోనే ఆయన పేరు వరంగల్ జిల్లా అంత పాకింది. అటెన్క ఎవలు బొమ్మ ఎయ్యమన్నా ముందుగాల అడిగేటోడు, "మీ ఎదురింటోళ్లతోని మాటలున్నయా?" అని!

ఇగ మా బాపు, రోజు పొద్దూకంగ "అవ్వను సూసొస్త" అనుకుంట తమ్ముని అరుగు మీదికి పోవుడే. మా దుకాణం ఎనుక ఇంట్లకెల్లి నాయినమ్మ ఒర్లుడు, "నేనీడ బతికే ఉన్న గదరా!" అని. ఒర్లుకుంటనే తలుపు సందులకెల్లి ఆ ఇద్దరిని సూసుడు. సూసుడు, నవ్వుడు...

ఏందో. చాయ్ సల్లగైపాయె, జర మళ్ల కాగవెట్టు బిడ్డా.