పిలుపు మేడమీద, మనిషి మెట్ల కింద

కోర్టు మెట్ల కింద చక్రాల కుర్చీలో కూర్చునుంది ఆవిడ. మిల్లు యంత్రంలో రెండు కాళ్ళూ పోతే మిల్లు మీద కేసు వేసిన మనిషి. లిఫ్టు పాడైంది. పైన గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచే బంట్రోతు నింపాదిగా దిగి వచ్చాడు.

"నీ కేసు కొట్టేశారమ్మా. పిలిస్తే రాలేదని."

"పలికాను కదన్నా. నువ్వు పిలిచిన మూడుసార్లూ ఇక్కణ్ణించి గొంతు చించుకున్నాను."

"అయ్యగారికి వినపడలేదు."

"మరి నీకో?"

అతను భుజం మీది బిళ్ళ సర్దుకున్నాడు.

"వినపడింది."

"విని కూడా నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నావా? కింద ఉంటానని పొద్దున్నే నీకు చెప్పాను కదా. లిఫ్టు నడవట్లేదనైనా చెప్పొచ్చుగా."

"అయ్యగారి లిఫ్టు వేరేనమ్మా. అది నడుస్తూనే ఉంది. అయినా పిలవడం వరకే నా పని. ఎదురుగా వచ్చి నిలబడితేనే వచ్చినట్టు రాస్తారు."

"నిలబడే కాళ్ళే ఉంటే కేసెందుకు వేస్తానయ్యా?"

"నన్నంటే ఏం లాభం? కేసు మళ్ళీ తెరవమని అర్జీ పెట్టుకో."

"ఎక్కడ పెట్టాలి?"

"పైనే."

ఆవిడ కుర్చీలోంచి కిందికి జారి, మొదటి మెట్టు మీద అరచేతులు ఆనించింది.

"వద్దమ్మా, మెట్లన్నీ ఉమ్ములూ దుమ్మూను. చేతులు పాడవుతాయి."

"నాది కడుక్కుంటే పోతుందిలే అన్నా. నీకంటుకున్నది ఏం పెట్టి కడుక్కుంటావు? జరుగు."