పిన్ను వెనక బెజ్జం

విమానాలకి వైర్లు కట్టే షాపు. భోజనాల గంట కొట్టి అందరూ వెళ్ళిపోయారు. తనిఖీ బల్లకి అటువైపు మామగారు, ఇటువైపు అల్లుడు.

"ఆ ట్రే సంగతే అడుగుతున్నాను మామయ్యా."

"ఏ ట్రే?"

"పొద్దున నేను పెట్టి వెళ్ళింది. తలుపు వైర్లది."

"అది అయిపోయింది."

"అయిపోయిందంటే?"

"అయిపోయిందంటే అయిపోయింది. చూడటం అయింది. అరలో పెట్టడం అయింది. భోజనానికి వెళ్ళు."

"ప్రతి పిన్నూ చూశారా?"

"చూడటం అయిందన్నాను కదా. అల్లుడూ, వైరు కొసన పిన్ను పెట్టి నొక్కడం నీ పని. సరిగ్గా నొక్కావో లేదో చూడటం ఈ బల్ల పని. నీ పని నువ్వు చేశావు. బల్ల పని బల్ల చేసింది. మధ్యలో ఈ ఆరాలేమిటి?"

"ఆరా కాదు. ఊరికే."

"ఊరికే అయితే నన్ను తిననీ. ఆకలేస్తోంది."

"అది మీ అన్నం డబ్బా కాదు. స్క్రూల డబ్బా."

"తెలుసు."

"మూత తీస్తున్నారు."

"స్క్రూలున్నాయో లేవో చూద్దామని."

"మామయ్యా, ఒక్కసారి ఇది చూసి చెప్తారా?"

"ఏంటది?"

"పిన్ను. ఇప్పుడే నొక్కుకొచ్చాను. తోక దగ్గర చిన్న బెజ్జం ఉంటుందిగా, అందులో వైరు పోగులు కనపడుతున్నాయో లేదో చెప్పండి. అంతే."

"కొత్తగా చేరినవాడికి చెప్పినట్టు చెప్తున్నావేంటి? బెజ్జంలో పోగులు కనపడితే వైరు లోపలిదాకా వెళ్ళినట్టు. కనపడకపోతే వెళ్ళనట్టు. నీకిది నేర్పిందే నేను."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. కనపడుతున్నాయా?"

"ఇలా ఇవ్వు."

"ఇదిగో."

"లైటు బాలేదు."

"నిన్ననే కొత్త బల్బు వేశారు."

"అదే. కొత్తది కదా, కళ్ళల్లోకి కొడుతోంది."

"భూతద్దం పెట్టి చూడండి."

"దానికి మరకలు పట్టాయి."

"తుడిచాను. ఇప్పుడే."

"ఏ గుడ్డతో?"

"మామయ్యా..."

"గరుకు గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి."

"మామయ్యా, కనపడుతున్నాయా, లేదా?"

"కనపడుతున్నాయి. శుభ్రంగా కనపడుతున్నాయి. మంచి పని."

"అది పిన్ను కాదు."

"ఆఁ?"

"పిన్ను కాదు మామయ్యా. పెన్నులో రీఫిల్లు."

"నేనూ అదే అనుకున్నాను, ఈ పిన్ను ఏదో తేడాగా ఉందే అని."

"ఎప్పటినుంచి?"

"ఏది ఎప్పటినుంచి?"

"కళ్ళు."

"కళ్ళా? పుట్టినప్పటినుంచీ ఉన్నాయి."

"మొన్న గోడకి తగిలించిన నా కోటుని పలకరించారు."

"మర్యాదకి పలకరించాను."

"ఆలస్యంగా వచ్చావేమని మందలించారు కూడా."

"మందలిస్తే పడింది. నీలాగా ఎదురు చెప్పలేదు."

"మనవరాలు విమానం బొమ్మ వేసి చూపిస్తే, బాతు బాగుందన్నారు."

"మీరా బొమ్మ చూశారా? అది బాతే."

"మీరు అంటున్నారేంటి? ఇందాకటిదాకా నువ్వన్నారు."

"షాపు సంగతైతే నువ్వు. ఇంటి సంగతి ఎత్తితే అల్లుడుగారు, మీరు. మా అమ్మాయి పెట్టిన రూలు."

"ఇది షాపు సంగతే."

"అయితే నోరు మూసుకుని భోజనానికి వెళ్ళు."

"వెళ్ళను. ఒక మాట చెప్పాలి. చెప్పాక తిట్టండి, కొట్టండి."

"ముందు చెప్పు. తర్వాత చూద్దాం."

"పొద్దున ఆ ట్రేలో ఒక పిన్ను చెడగొట్టి పెట్టాను."

"చెడిపోయిందా?"

"చెడిపోలేదు, చెడగొట్టాను. కావాలనే. వైరు సగమే దూర్చి నొక్కాను. బెజ్జం ఖాళీ. కళ్ళున్నవాడు ఎవడైనా పట్టుకుంటాడు."

"కావాలనే."

"కావాలనే."

"ఇంకోసారి చెప్పు."

"ఎందుకు?"

"చెవులు కూడా పోతున్నాయేమో చూసుకుందామని."

"కావాలనే పెట్టాను మామయ్యా. మీరు పట్టుకుని నా మొహాన కొడతారేమోనని పొద్దుటినుంచి కాచుకుని కూర్చున్నాను. మీరు కొట్టలేదు. ట్రే చూస్తే అరలోకి వెళ్ళిపోయింది."

"అది ఏ వైరో తెలుసా?"

"తెలుసు. తలుపు గట్టిగా మూసుకుందో లేదో పైలట్‌కి దీపం వెలిగించి చెప్పే వైరు."

"గాల్లో కుదుపులకి ఆ వైరు ఊడొచ్చిందనుకో."

"ఆ దీపం మాట నమ్మడానికి లేదు."

"లోపల ఎంతమంది కూర్చుంటారు?"

"మామయ్యా, నేను దాన్ని ఎగరనిస్తానా? ట్రేలు తీసుకెళ్ళే బండి వచ్చేది భోజనాల తర్వాత. ఈలోగా మీకు చూపించి, మీ చేత ఔననిపించి, నా చేత్తో నేనే కోసి పారేద్దామనుకున్నాను."

"కావాలని చెడ్డ పని ట్రేలో పెడితే ఏమవుతుంది?"

"ఉద్యోగం పోతుంది."

"తెలిసే పెట్టావు."

"తెలిసే పెట్టాను."

"నన్ను అడగొచ్చుగా."

"ఏమని?"

"కళ్ళు కనపడుతున్నాయా అని."

"మామగారినా?"

"ఆఁ."

"ఏ మొహం పెట్టుకుని అడగను? పని నేర్పింది మీరు. పిల్లనిచ్చింది మీరు. పై వాటాలో ఉండేది మీరు. పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, మామయ్యా, మీకు కళ్ళు కనపడటం లేదట కదా అని ఎలా అడగను?"

"అందుకని విమానం తలుపుని అడిగావు."

"తప్పే."

"తప్పే."

"ఇప్పుడడుగుతున్నాను. మీకు కనపడుతోందా మామయ్యా?"

"చుట్టూ కనపడుతుంది."

"చుట్టూ అంటే?"

"మధ్యలో మచ్చ. దాని చుట్టూ అన్నీ ఉంటాయి. బల్ల ఉంది, కిటికీ ఉంది, నీ చెవులున్నాయి. ఏది చూద్దామనుకుంటే అదే ఉండదు."

"నా మొహం?"

"లేదు. నీ మొహానికేం, గుర్తుంది. కొత్తగా చూడాల్సింది ఏమీ లేదు."

"ఎన్నాళ్ళుగా ఇలా?"

"ఏడాది కాలేదు ఇంకా. మొదట కళ్ళజోడు తప్పనుకున్నాను. మార్చాను. తర్వాత లైటు తప్పనుకున్నాను. ఆ తర్వాత వైర్లు మరీ సన్నంగా చేస్తున్నారనుకున్నాను. ఆ కంపెనీ వాళ్ళని తిట్టుకున్నాను కూడా."

"డాక్టరుకి చూపించారా?"

"పోయిన వారం. మీ అత్తగారి చెల్లెల్ని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళానే, అప్పుడు."

"ఏమన్నాడు?"

"ఉన్నది నిలబెడదాం అన్నాడు. పోయింది రాదన్నాడు. మంచివాడు, తొందరగా తేల్చేశాడు."

"మామయ్యా..."

"ఆ గొంతు వద్దు. మనవరాలికి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయట. ఎలా వస్తున్నాయి?"

"వంకరగా."

"వాళ్ళ నాన్న పళ్ళు."

"లేవండి మామయ్యా. మేనేజరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను. నా పిన్ను సంగతి నేను చెప్తాను, మీ కళ్ళ సంగతి మీరు చెప్పండి."

"నేను వెళ్ళొచ్చాను."

"ఎక్కడికి?"

"మేనేజరు దగ్గరికే. నిన్న సాయంత్రం. చూసినవాటి మీద వేసే నా ముద్ర ఆయన బల్ల మీద పెట్టేశాను. కళ్ళు మసకబారినప్పటినుంచి ఆ ముద్ర వేసినవన్నీ విప్పించి మళ్ళీ చూడమని చెప్పొచ్చాను."

"అన్నీ?"

"అన్నీ."

"విమానాల్లోకి ఎక్కేసినవి కూడా?"

"అవే ముందు. పొద్దుటినుంచి హ్యాంగర్‌లో విమానాల రేకులెందుకు ఊడదీస్తున్నారనుకున్నావు?"

"మామూలు తనిఖీ అన్నారే!"

"నా పరువు కోసం అలా అంటున్నారు."

"మేనేజరు ఏమన్నాడు?"

"ఎన్ని విమానాలు అన్నాడు. చెప్పాను. కుర్చీలో కూలబడ్డాడు. అప్పటికే కూర్చునున్నాడనుకో, ఇంకాస్త కూర్చున్నాడు."

"తిట్టాడా?"

"లేదు. తిడితే బాగుండేది. లేచి వచ్చి నా కోసం తలుపు తీసిపట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తియ్యలేదు. ఆ తలుపు పిడి నాకు కనపడుతూనే ఉంది, అదొక్కటీ పక్కకి ఉంటుంది కదా. అయినా తీసిపట్టుకున్నాడు. ఉన్నావా?"

"ఉన్నాను. మరి ముద్ర ఇచ్చేస్తే ఈ బల్ల దగ్గర ఎందుకు కూర్చున్నారు?"

"వచ్చినవాళ్ళకి అప్పజెప్పాలి కదా. ఇవాళొక్కరోజు."

"మరి ఇందాక రీఫిల్లు చూసి మంచి పని అన్నారు?"

"అలవాటు."

"ఆగండాగండి. ముద్ర మీ దగ్గర లేదు. అయితే నా ట్రే చూసిందెవరు?"

"నేను చూశానని ఎప్పుడన్నాను? చూడటం అయిందన్నాను."

"ఎవరు చూశారు మామయ్యా?"

"కొత్త ఇన్‌స్పెక్టరు. ఇంజన్ షాపు నుంచి వేశారు. లోపలి గదిలో ఉన్నారు."

"ఇంజన్ షాపు నుంచా? ఇంజన్ షాపులో ఇన్‌స్పెక్టరంటే..."

"ఆఁ."

"మీ అమ్మాయి!"

"మీ ఆవిడ కూడా."

"అది ఇక్కడికొస్తే నాకు తెలియదా? నిన్న రాత్రి నాతో ఒక్క మాట అనలేదు!"

"కబురు వచ్చేసరికి మీరు గుర్రు పెడుతున్నారట. పొద్దున ఆవిడ ముందే బయల్దేరింది."

"నా పిన్ను పట్టుకుందా?"

"ట్రే ముందు పెట్టుకుంది, పట్టుకుంది. అది వెళ్ళింది బండికిచ్చే అరలోకి కాదు, ఆపేసినవి పెట్టే అరలోకి."

"మరి ఇంతసేపూ నన్నెందుకు ఇలా నానబెట్టారు మామయ్యా?"

"అది చెప్పింది. ఆయన కావాలని చేశారా, చేతకాక చేశారా, మాటల్లో పెట్టి కనుక్కో నాన్నా అంది. నువ్వు వచ్చి కూర్చున్నావు. నా కష్టం తగ్గింది."

"కావాలని అయితే?"

"మేనేజరుకి రాస్తానంది. మొగుడైనా సరేనంది."

"చేతకాక అయితే?"

"రాయదట. పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్పిస్తుందట."

"అది నాకు నేర్పిస్తుందా?"

"చేతకాక చేశారని చెప్పనా? ఇందాకటి మాటలు నేను మర్చిపోతాను. కళ్ళతోపాటు జ్ఞాపకం కూడా మసకబారిందనుకుంటారు. ఎవరూ అడగరు."

"వద్దు."

"ఉద్యోగం అల్లుడుగారూ."

"పోతే పోనీ. చేతకాక అని మాత్రం చెప్పకండి. షాపు షాపంతా నవ్వుతుంది. నేను బతికున్నన్నాళ్ళూ ఇంట్లో అది నవ్వుతుంది."

"ఆలోచించుకోండి. పాపకి ఇంకా కొత్త పళ్ళన్నీ రానేలేదు."

"ఆలోచించుకోవడానికేం లేదు. నిజం నిజమే. కావాలనే చేశాను."

"తలుపు చప్పుడైంది. వస్తున్నట్టుంది."

"రానివ్వండి."

"నాన్నా, అన్నం తిన్నావా? ఆ డబ్బా ఏంటి, స్క్రూలది ముందు పెట్టుకున్నావు?"

"చూస్తున్నానమ్మా. స్క్రూలున్నాయి."

"ఆయనేమన్నారు?"

"ఆయన్నే అడుగు. ఎదురుగానే ఉన్నారు కదా. ఉన్నారా?"

"ఉన్నాను మామయ్యా. చూడు, నన్నే అడుగు. మీ నాన్నని మధ్యలో ఎందుకు పెడతావు? ఆ పిన్ను నేను కావాలనే చెడగొట్టాను."

"కావాలనే?"

"మీ నాన్న కళ్ళ కోసం. ఆయన పట్టుకుంటారో లేదో చూద్దామని. నిన్ననే ముద్ర ఇచ్చేశారని నాకు తెలియదు. తప్పు చేశాను. రాసుకో."

"రాస్తాను. పొరపాటున జరిగింది కాదు కదా? ఇంకోసారి ఆలోచించుకోండి. ఒకసారి రాశాక కొట్టెయ్యను."

"పొరపాటా? నా చేతి పని అలా ఉంటుందనుకున్నావా? పోయినేడు ఏదో ఒకటీ అరా వెనక్కొచ్చేవి, నేనేం కాదనను. ఇప్పుడు నెలల తరబడి నా పిన్ను ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. అంత కుదిరింది నా చెయ్యి. కావాలంటే మీ నాన్నని అడుగు."

"నిజమేనమ్మా. ఒక్కటి కూడా వెనక్కి పంపలేదు."

"విన్నావా?"

"విన్నాను. నేను తెచ్చిన ఈ ట్రేలో మీరు కావాలని పెట్టింది ఏది?"

"నీలం చారల వైరుది."

"అదొక్కటేనా?"

"ఒక్కటే. ఒక్కటి చాలదా?"

"నీలం చారలది ఇదిగో, నా చేతిలో ఉంది. మరి ఈ ఎర్ర చారలదీ, ఈ పచ్చ చారలదీ ఎవరి కళ్ళ కోసం పెట్టారు?"